బిల్లు చివర కనిపించే ‘ఆదా’ నిజంగా ఎంత? డిస్కౌంట్ దుకాణాల లెక్కలు, కొనుగోలుదారుల హక్కులు

నెల మొదటి ఆదివారం సాయంత్రం ఏ పెద్ద డిస్కౌంట్ దుకాణానికి వెళ్లినా కనిపించే దృశ్యం ఇంచుమించు ఒకటే. వాహనాలు నిలపడానికి చోటు ఉండదు. తోపుడు బండ్లు ఖాళీగా దొరకవు. బిల్లింగ్ కౌంటర్ల ముందు వరుసలు అరల మధ్య వరకు సాగి ఉంటాయి. బియ్యం, పప్పులు, నూనె, సబ్బులతో నిండిన బండిని నెట్టుకుంటూ అరగంట నిలబడిన కుటుంబానికి చివరగా ఒక పొడవాటి బిల్లు చేతికి వస్తుంది. ఆ బిల్లు అడుగున మొత్తంతో పాటు మరో సంఖ్య కూడా కనిపిస్తుంది: ఈ కొనుగోలులో మీరు ఆదా చేసినది ఇంత అని. ఎదురుచూపుల విసుగును మరిపించేది ఆ సంఖ్యే. వచ్చే నెల మళ్లీ అదే దుకాణానికి రప్పించేదీ అదే.

అయితే ఆ సంఖ్య దేని నుంచి దేనిని తీసివేస్తే వచ్చింది? పొట్లంపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర, అంటే ఎంఆర్పీ నుంచి దుకాణం వసూలు చేసిన ధరను తీసివేస్తే వచ్చిన తేడా అది. వీధి చివరి కిరాణా దుకాణంలో అదే వస్తువు ఎంతకు దొరుకుతుందో, పక్క అరలోని మరో పరిమాణం పొట్లం ఎంత చౌకో ఆ సంఖ్య చెప్పదు. నెల జీతంలో గణనీయమైన భాగాన్ని సరుకులకే వెచ్చించే మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి కుటుంబాలకు ఈ తేడా చిన్నది కాదు.

పెద్ద దుకాణం సామాన్యుడి వద్దకు వచ్చిన తీరు

రోజూ తక్కువ ధర అనే సూత్రాన్ని భారీ స్థాయిలో అమలు చేసి చూపినది అమెరికాకు చెందిన వాల్‌మార్ట్. శామ్ వాల్టన్ 1962లో ఆర్కాన్సా రాష్ట్రంలోని రోజర్స్ పట్టణంలో తొలి వాల్‌మార్ట్ దుకాణాన్ని తెరిచారు. పండుగలకో, సీజన్ చివరనో ధరలు తగ్గించడానికి బదులు ఏడాది పొడవునా తక్కువ లాభంతో ఎక్కువ సరుకు అమ్మడం ఆయన పద్ధతి.

భారతదేశంలో ఈ తరహా వ్యాపారం 2000 దశకం ఆరంభంలో ఊపందుకుంది. కిశోర్ బియానీ నేతృత్వంలోని సంస్థ 2001లో బిగ్ బజార్‌ను ప్రారంభించింది. తొలి దుకాణాలు తెరిచిన నగరాలలో హైదరాబాద్ ఒకటి. గణతంత్ర దినోత్సవం నాడు భారీ తగ్గింపుల పేరుతో 2006లో ఆ సంస్థ చేపట్టిన అమ్మకాలకు జనం అదుపు చేయలేనంతగా తరలివచ్చారు. తర్వాతి కాలంలో అప్పుల భారంతో ఆ సంస్థ మూతపడింది. 2002లో ముంబైలోని పోవైలో రాధాకిషన్ దమానీ తొలి డీమార్ట్‌ను తెరిచారు. దానిని నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ 2017 మార్చిలో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. 2025 మార్చి చివరి నాటికి ఆ సంస్థ దుకాణాల సంఖ్య 415కు చేరింది. మహారాష్ట్ర, గుజరాత్‌లతో పాటు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా దానికి ముఖ్యమైన విపణులే.

తక్కువ ధర ఎలా సాధ్యమవుతుంది?

తయారీదారు వద్ద అందరికీ ఒకే ధర ఉంటుందని, దుకాణదారు తన లాభం వదులుకుని తగ్గింపు ఇస్తున్నాడని చాలామంది భావిస్తారు. వాస్తవానికి తగ్గింపు పుట్టేది దుకాణం వెనుక జరిగే ఏర్పాట్లలో. భారీ పరిమాణంలో కొనేవారికి సరఫరాదారు తక్కువ ధరకు ఇస్తాడు. డబ్బు వెంటనే చెల్లిస్తే మరికొంత తగ్గిస్తాడు. డీమార్ట్ సరఫరాదారులకు త్వరగా చెల్లించడంలో పేరు పొందింది. చాలా దుకాణాలకు భవనాలను సొంతంగా సమకూర్చుకోవడం వల్ల దానికి అద్దె భారం కూడా తక్కువ.

మరొక అంశం సరుకుల ఎంపిక. నెమ్మదిగా అమ్ముడుపోయే వస్తువు అరలో ఎంతకాలం ఉంటే అంత పెట్టుబడి చిక్కుకుపోయినట్టే. కనుక డిస్కౌంట్ దుకాణాలు త్వరగా కదిలే రకాలకే చోటిస్తాయి. కోరిన కంపెనీ వస్తువు ఒక్కోసారి దొరకకపోవడానికి, అలంకరణ సాదాగా ఉండటానికి, సహాయం అడిగేందుకు సిబ్బంది తక్కువగా కనిపించడానికి కారణం ఇదే. తక్కువ ధరకు బదులుగా కొనుగోలుదారు చెల్లించే మూల్యం కొంత సౌకర్యం, కొంత సమయం.

లాభం ఎంత పలుచగా ఉంటుందో లెక్కలే చెబుతాయి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో అవెన్యూ సూపర్‌మార్ట్స్ ఏకీకృత ఆదాయం సుమారు 59 వేల కోట్ల రూపాయలు కాగా, నికర లాభం సుమారు 2,700 కోట్లు. అంటే వంద రూపాయల అమ్మకంపై మిగిలేది నాలుగున్నర రూపాయలకు కాస్త అటూ ఇటూ. దాని అమ్మకాలలో సగానికి పైగా ఆహార వస్తువులే. వాటిపై మార్జిన్ తక్కువ. దుస్తులు, పాత్రలు, ప్లాస్టిక్ సామాను వంటి వాటిపై మార్జిన్ ఎక్కువ. పప్పు కోసం వచ్చినవారు పై అంతస్తుకు కూడా వెళ్లేలా దుకాణాలను అమర్చడం వెనుక ఉన్న తర్కం ఇదే.

ఎంఆర్పీ గరిష్ఠ పరిమితి, సరసమైన ధర కాదు

పొట్లాలపై అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధరను ముద్రించాలన్న నిబంధన 1990లో వచ్చింది. అంతకుముందు స్థానిక పన్నులు అదనం అని రాసి, దుకాణదారులు ఇష్టానుసారం కలిపి వసూలు చేసేవారు. ఆ దోపిడీని అరికట్టడానికే ఎంఆర్పీ పుట్టింది. ప్రస్తుతం 2009 నాటి తూనికలు, కొలతల చట్టం, దాని కింద రూపొందిన 2011 నాటి పొట్లాల నియమాలు దీన్ని అమలు చేస్తున్నాయి.

ముద్రించిన ధరకు మించి అమ్మడం నేరం. తక్కువకు అమ్మడంపై మాత్రం ఎలాంటి నిషేధం లేదు. సాధారణ వస్తువుల విషయంలో ఎంఆర్పీ ఎంత ఉండాలో ప్రభుత్వం నిర్ణయించదు, తయారీదారే నిర్ణయించుకుంటాడు. ధర నియంత్రణ కిందకు వచ్చే అత్యవసర మందుల వంటివి ఇందుకు మినహాయింపు. కనుక ఎంఆర్పీ ఎక్కువగా ముద్రించిన వస్తువుపై పెద్ద తగ్గింపు చూపడం సులభం. యాభై శాతం తగ్గింపు అన్న అక్షరాలు ఆ వస్తువు చౌక అని చెప్పవు. దాని ముద్రిత ధరకు, అమ్మకపు ధరకు మధ్య దూరం ఎక్కువ అని మాత్రమే చెబుతాయి.

చూడవలసిన అంకె యూనిట్ ధర

దుకాణంలో మోసపోకుండా కాపాడే అంకె ఒకటుంది. అది గ్రాముకు, కిలోకు, మిల్లీలీటరుకు లేదా లీటరుకు ఎంత పడుతుందో చెప్పే యూనిట్ అమ్మకపు ధర. 2021లో పొట్లాల నియమాలకు చేసిన సవరణ దీని ముద్రణను తప్పనిసరి చేసింది. కిలో కంటే తక్కువ బరువున్న పొట్లంపై గ్రాము ధర, అంతకు మించితే కిలో ధర కనిపించాలి.

అదే సవరణ మరో మార్పునూ తెచ్చింది. అంతవరకు బిస్కెట్లు, టీపొడి, వంటనూనె వంటి కొన్ని వస్తువులను నిర్దేశిత పరిమాణాల్లోనే అమ్మాలన్న నిబంధన ఉండేది. దానిని తొలగించారు. ఫలితంగా కిలో పొట్లంలా కనిపించేది 850 గ్రాములు ఉండవచ్చు. లీటరు నూనెలా కనిపించేది అంతకంటే తక్కువ ఉండవచ్చు. లీటరు పొద్దుతిరుగుడు నూనె బరువు సుమారు 910 గ్రాములు. పక్కపక్కనే ఉన్న రెండు నూనె పొట్లాల్లో ఒకటి 910 గ్రాములది, మరొకటి 800 గ్రాములది అయితే కంటికి తేడా తెలియదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక బట్టల సబ్బుపొడి పొట్లం బరువు 800 గ్రాములు. ఎంఆర్పీ 150 రూపాయలు, దుకాణం ధర 112. ఆదా 38 రూపాయలు, అంటే 25 శాతం. పక్కనే మరో పొట్లం బరువు కిలో. ఎంఆర్పీ 145, దుకాణం ధర 132. ఆదా 13 రూపాయలు, అంటే తొమ్మిది శాతం. బిల్లు అడుగున కనిపించే ఆదా ప్రకారం మొదటిదే లాభసాటి. కిలో లెక్కన చూస్తే మొదటిది 140 రూపాయలు, రెండవది 132. ఎక్కువ తగ్గింపు పొందామని సంతోషించినవారే కిలోకు ఎనిమిది రూపాయలు ఎక్కువ చెల్లించినట్టు లెక్క.

పొట్లంపై ముద్రించే యూనిట్ ధరకు సాధారణంగా ఎంఆర్పీయే ఆధారం, దుకాణం ఇచ్చే తగ్గింపు అందులో ఉండదు. కాబట్టి చెల్లించే ధరను బరువుతో భాగించి చూసుకోవడమే సరైన మార్గం. అందుకు చేతిలోని ఫోన్ చాలు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోట కూడా రెండింటి మొత్తం బరువునే లెక్కలోకి తీసుకోవాలి.

26 కిలోల బియ్యం బస్తా కథ

ఈ లెక్క తెలుగు రాష్ట్రాల ఇళ్లకు బాగా దగ్గరగా వచ్చేది బియ్యం వద్ద. 2022 జూలై 18 నుంచి ముందుగా ప్యాక్ చేసి, లేబుల్ వేసిన 25 కిలోల వరకు బియ్యం, పప్పులు, పిండి వంటి వాటిపై ఐదు శాతం జీఎస్టీ అమలులోకి వచ్చింది. అంతకు మించిన బరువుకు ఆ పన్ను వర్తించదు. దాంతో మార్కెట్‌లో 26 కిలోల బస్తాలు ప్రత్యక్షమయ్యాయి.

పన్ను తప్పడం కొనుగోలుదారుకు లాభమే. అయితే 25 కిలోలు దాటిన పొట్లాలు చిల్లర పొట్లాల నియమాల పరిధిలోకి కూడా రావు. అందువల్ల చిన్న పొట్లంపై ఉండే వివరాలన్నీ పెద్ద బస్తాపై ఉంటాయన్న హామీ లేదు. పది కిలోల సంచి, 25 కిలోల బస్తా, 26 కిలోల బస్తా పక్కపక్కన ఉన్నప్పుడు ధరను కిలోలతో భాగించి చూడకుండా ఏది చౌకో చెప్పడం కష్టం. ఇద్దరే ఉన్న ఇంట్లో పెద్ద బస్తాకు పురుగు పడితే కిలోకు మిగిలిన రూపాయి కంటే పారబోసిన బియ్యం విలువే ఎక్కువవుతుంది.

పన్ను తగ్గింపు, దుకాణం తగ్గింపు ఒకటి కావు

2025 సెప్టెంబర్ 22న అమలులోకి వచ్చిన జీఎస్టీ మార్పులు మరో గందరగోళానికి దారి తీశాయి. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్లపై పన్ను 18 శాతం నుంచి ఐదు శాతానికి దిగింది. నెయ్యి, వెన్నపై 12 నుంచి ఐదుకు తగ్గింది. పాత ధర ముద్రించిన నిల్వలను వృథా చేయకుండా సవరించిన ధరను స్టిక్కరు లేదా ముద్ర రూపంలో చూపే వెసులుబాటును ప్రభుత్వం తయారీదారులకు కల్పించింది.

పాత ఎంఆర్పీతో పోల్చి చూపే తగ్గింపులో ప్రభుత్వం వదులుకున్న పన్ను కూడా కలిసి ఉండవచ్చు. దానిని దుకాణం ఉదారతగా భావించనవసరం లేదు. పన్ను మారిన ప్రతిసారీ పాత బిల్లును, కొత్త బిల్లును పక్కన పెట్టి అదే వస్తువు ధర పోల్చడం సులువైన పరీక్ష.

కౌంటర్ వద్ద ఎదురయ్యే నాలుగు చిక్కులు

మొదటిది, అర మీద కనిపించిన ధర ఒకటి, బిల్లులో పడిన ధర మరొకటి కావడం. ఆఫర్ ముగిసినా చీటీ తీయకపోవడం, ఒక వస్తువు చీటీ కింద మరో వస్తువు ఉండటం, కంప్యూటర్‌లో ధర సవరించకపోవడం ఇందుకు సాధారణ కారణాలు. ధర విషయంలో కొనుగోలుదారును తప్పుదోవ పట్టించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పది రూపాయల తేడా వరుసలో నిలబడి అడగడానికి చిన్నదిగా తోస్తుంది. రోజుకు వేల బిల్లులు పడే దుకాణంలో ఆ పది రూపాయలు చిన్న మొత్తం కాదు. ఖరీదైన వస్తువుల అర చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకుంటే వాదన అవసరం ఉండదు.

రెండవది చేతిసంచీ. సొంత సంచులు లోపలికి తీసుకువెళ్లనివ్వక, డబ్బు చెల్లించే చోట సంచీకి అదనంగా వసూలు చేయడంపై దేశవ్యాప్తంగా అనేక వివాదాలు వినియోగదారుల కమిషన్ల ముందుకు వచ్చాయి. బిగ్ బజార్‌కు సంబంధించిన కేసులో జాతీయ వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ 2020 డిసెంబర్‌లో తీర్పునిచ్చింది. సంచీకి ధర ఉంటుందన్న సంగతిని, సంచీ వివరాలను ముందుగా తెలపకుండా కౌంటర్ వద్ద వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని స్పష్టం చేసింది. సంచీ అమ్మకూడదని ఆ తీర్పు చెప్పలేదు. దుకాణంలోకి అడుగుపెట్టే ముందే ఆ సంగతి కొనుగోలుదారుకు తెలియాలన్నదే దాని సారాంశం.

మూడవది మొబైల్ నంబర్. నంబర్ చెప్పనిదే బిల్లు ముందుకు కదలదని సిబ్బంది చెప్పడం పలువురికి అనుభవమే. కొనుగోలుకు నంబరును షరతుగా పెట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో చిల్లర వ్యాపారులకు సూచించింది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, లేకుంటే నిరాకరించవచ్చు. వరుసలో వెనుక ఉన్నవారు వినేలా నంబర్‌ను బిగ్గరగా చెప్పడం ఏ రకంగానూ క్షేమం కాదు.

నాలుగవది, నిష్క్రమణ ద్వారం వద్ద తనిఖీ. బిల్లుతో సరుకులను సరిచూసి ముద్ర వేయడం పెద్ద దుకాణాలలో పరిపాటిగా మారింది. అయితే ప్రైవేటు భద్రతా సిబ్బందికి పోలీసు అధికారాలు ఉండవు. అనుమానం ఉంటే మర్యాదగా అడగాలి, అవసరమైతే పోలీసులను పిలవాలి తప్ప నలుగురి ముందు అవమానించే హక్కు వారికి లేదు.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ చెల్లుతుందా?

ఇంటికి వచ్చాక పొట్లం విప్పితే పప్పులో పురుగు, మిక్సీలో లోపం, గడువు దాటిన తేదీ కనిపించడం అరుదేమీ కాదు. బిల్లు వెనుక వాపసు తీసుకోం అని అచ్చు వేసినంత మాత్రాన దుకాణం బాధ్యత తీరదు. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకుంటే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. రంగు నచ్చలేదనో, కొలత సరిపోలేదనో మార్చమని అడిగితే మాత్రం దుకాణం విధానమే వర్తిస్తుంది.

కనుక బిల్లును గుమ్మం దాటగానే పారవేయకూడదు. వేడికి తగిలే కాగితంపై ముద్రించిన బిల్లుల అక్షరాలు కొద్ది నెలల్లోనే చెరిగిపోతాయి. మిక్సీ, కుక్కర్ వంటి వారంటీ ఉన్న వస్తువుల బిల్లులను అదే రోజు ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది.

ఫిర్యాదు చేయడం ఎలా?

మొదట దుకాణం మేనేజరుకు, తర్వాత సంస్థ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపాలి. స్పందన లేకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. తూకంలో తేడా, ఎంఆర్పీకి మించిన వసూలు, పొట్లంపై వివరాల లోపం వంటివి రాష్ట్ర తూనికలు, కొలతల శాఖ పరిధిలోకి వస్తాయి. కల్తీ, గడువు దాటిన ఆహారం విషయంలో ఆహార భద్రతా అధికారులను ఆశ్రయించాలి.

పరిహారం కోరేవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. దుకాణం ఉన్న చోటే కాక, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనూ కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేసే వీలుంది.

కిరాణా కొట్టు లెక్క వేరు

డిస్కౌంట్ దుకాణం ఎంఆర్పీపై తగ్గింపు ఇస్తుంది కానీ అరువు ఇవ్వదు. నెలాఖరున చేతిలో డబ్బు లేనప్పుడు ఖాతా పుస్తకంలో రాసుకుని సరుకు ఇచ్చేది వీధి కిరాణా వ్యాపారే. వంద గ్రాముల పోపు దినుసులు విడిగా తూచి ఇచ్చేదీ, పెద్దవారికి ఇంటికి పంపేదీ ఆయనే. దినసరి కూలీపై బతికే కుటుంబం నెల సరుకులు ఒకేసారి కొనలేదు కాబట్టి పెద్ద పొట్లంలో ఉండే చవకదనం దానికి అందదు. తగ్గింపు ఎక్కువగా అందేది ఒకేసారి ఖర్చు చేయగలిగినవారికే.

ప్రయాణ ఖర్చునూ లెక్కలో చేర్చాలి. 2,400 రూపాయల సరుకులపై 240 రూపాయలు మిగిలాయని అనుకుందాం. రానూపోనూ ఆటోకు 160 అయితే నికరంగా మిగిలేది 80. చీటీలో లేని ప్లాస్టిక్ డబ్బా ఒకటి బండిలో పడితే ఆ 80 కూడా ఉండదు. నెలకు ఒకసారి రాసుకున్న చీటీతో వెళ్లి, నిల్వ ఉండే సరుకులను మాత్రమే తెచ్చుకుని, మిగతావి వీధిలోనే కొనడం చాలా ఇళ్లలో గృహిణులు పాటిస్తున్న పద్ధతి. లెక్క ప్రకారం చూసినా అది తెలివైన విధానమే.

పెద్ద దుకాణాలు రావడం వల్ల కొనుగోలుదారుకు మేలు జరగలేదని అనలేం. పోటీ కారణంగా వీధి దుకాణాలలో కూడా ఎంఆర్పీపై కొంత తగ్గించే అలవాటు పెరిగింది. గడువు తేదీ చూడటం, బిల్లు అడగటం సామాన్యులకు అలవడింది. ఆ మేలు పూర్తిగా దక్కాలంటే చూపును తగ్గింపు శాతం మీది నుంచి మూడు చోట్లకు మళ్లించాలి: పొట్లంపై బరువు, చెల్లించే ధర, చేతికొచ్చిన బిల్లు. బిల్లు అడుగున ముద్రించిన ఆదా దుకాణం వేసిన లెక్క. ఇంటికి నిజంగా మిగిలినదెంతో తేలేది ఆ మూడింటినీ సరిచూసుకున్నాకే.